గోడకేసి కూర్చున్న అల్లుడు

రాజామణి ఇచ్చిన కాఫీ సగం కూడా తాగకముందే డెల్ఫీన్ చెవులు బోసిపోయాయి.

ఇందులో ఎవరి తప్పూ లేదు. కాబోయే వియ్యపురాలు మొదటిసారి ఇంటికొస్తే ఏదో ఒకటి బాగుందని అనాలి. రాజామణి అదే చేసింది. డెల్ఫీన్ చెవులకు వేలాడుతున్న పూసల లోలాకుల వైపు వేలు చూపించి "బాగుంది" అంది. పక్కనున్న కూతురు ఆ ముక్క ఇంగ్లీషులో చెప్పింది. డెల్ఫీన్ రెండు లోలాకులూ తీసి రాజామణి అరచేతిలో పెట్టి వేళ్ళు మూసేసింది. రాజామణి కంగారుగా మాట మళ్ళిద్దామని శాలువా వంక చూసి, అది కూడా బాగుంది అంది. శాలువా వచ్చి ఆమె భుజం మీద పడింది. అప్పుడు గోవిందు పెళ్ళాన్ని వంటింట్లోకి పిలిచి మెల్లగా చెప్పాడు.

"ఇక నోరు కుట్టుకో. ఆ హ్యాండ్‌బ్యాగ్ కూడా బాగుందన్నావంటే ఆవిడ పాస్‌పోర్టు మన దగ్గర ఉండిపోద్ది."

డెల్ఫీన్‌కు తెలుగు రాదు. కానీ వంటింట్లో మొగుడూ పెళ్ళాల గుసగుస ఏ దేశంలోనైనా ఒక్కలాగే ఉంటుంది. ఆమె కాఫీ గ్లాసు చాటున నవ్వుకుంది. అమెరికా ఆదివాసులైన ఆమె లకోటా తెగలో అది పద్ధతి. ఎదుటి మనిషి మనసుపడి మెచ్చుకున్న వస్తువు ఇక నీది కాదు, ఇచ్చేయాలి. వాళ్ళు పుచ్చుకోనంటే నీకు తలవంపులు. ఈ పద్ధతితో డెల్ఫీన్ అమెరికాలో చాలామందిని కంగారుపెట్టింది. స్కూలు బస్సు నడిపే రోజుల్లో ఊరికి కొత్తగా వచ్చిన ఒక ఆఫీసరు మాటవరసకు ఆమె కోటు బాగుందన్నాడు. మంచు కురుస్తోంది. ఆమె కోటు విప్పి అతనికి తొడిగి, చేతులు రుద్దుకుంటూ బస్సెక్కింది. మర్నాడు ఆ మనిషి అంతకంటే మంచి కోటు కొని తెచ్చి, ఆమె ముందు తల వంచుకుని నిలబడ్డాడు. డెల్ఫీన్ ఆ కోటు ఇప్పటికీ తొడుక్కుంటుంది.

అరవై దాటిన మనిషి. ఊరు అమెరికాలో, దక్షిణ డకోటా అనే చలి ప్రాంతంలో. ఒకప్పుడు ఆ మైదానమంతా లకోటా వాళ్ళదే. తర్వాత వచ్చిన తెల్లవాళ్ళు మొత్తం లాక్కుని, పనికిరాని ముక్క ఒకటి మిగిల్చి, ఇదిగో మీ రిజర్వేషను, ఇందులో ఉండండి అన్నారు. బాగుందని ఒక్క మాటైనా అనకుండా తీసుకున్నారే అని డెల్ఫీన్ అంటూ ఉంటుంది.

ఆమె సింగపూరు వచ్చింది వెస్లీ కోసం. వెస్లీ చాంగీ బిజినెస్ పార్కులో ఒక బ్యాంకుకు కంప్యూటర్ పని చేస్తాడు. అదే అంతస్తులో పనిచేసే శాంతినిని ఇష్టపడ్డాడు. శాంతిని గోవిందు, రాజామణుల కూతురు. పిల్లవాడి తరఫున పెద్దవాళ్ళు రావాలన్నారు. వచ్చింది. వెస్లీ ఆమెను "ఇనా" అని పిలుస్తాడు. లకోటా మాటలో అమ్మ అని.

ఆ మొదటి రోజు సరదాగానే గడిచింది. గోవిందు తల్లి కుమారమ్మ, తొంభైకి దగ్గర పడిన మనిషి, సోఫా మూలన కూర్చుని ఈవిడ ఎవరని అడిగింది. అమెరికా ఇండియన్ అని మనవరాలు చెప్పింది. అయితే ఇండియాలో ఏ ఊరని అడిగింది ముసలామె. ఇండియా ఎప్పుడూ చూడలేదని డెల్ఫీన్ ఒప్పుకుంది. మేమూ చూళ్ళేదులే, పుట్టింది మలేసియాలో కొబ్బరి తోట కూలీల లైనిళ్ళలో, పనికోసం ఇటు దిగాం అని గోవిందు చెప్పాడు. ఆ హాల్లో ఉన్న ఇండియన్లందరూ ఇండియా మొహం చూడనివాళ్ళేనని తేలింది.

తర్వాత కుమారమ్మ ఇంటిపేరు అడిగింది. మచ్చల గుర్రం అని చెప్పారు. అందరూ గోవిందు వంక చూశారు. ఎందుకంటే గోవిందు ఇంటిపేరు గుర్రం. ఒకే ఇంటిపేరువాళ్ళు అన్నాచెల్లెళ్ళ వరస, పెళ్ళి కుదరదు. గోవిందు కాసేపు గడ్డం గోక్కుని తీర్పు చెప్పాడు. మన గుర్రానికి మచ్చల్లేవు, అది వేరే కొట్టం అని. ముసలామె ఒప్పుకుంది.

చిక్కు మరోచోట వచ్చింది.

వెస్లీ గోడకేసి తిరిగి కూర్చున్నాడు.

ఆరడుగుల మనిషి, వీపు మీద శాంతిని జడకంటే పొడుగు జడ. రాజామణి మురుకుల పళ్ళెం తెస్తే నేల చూపులు చూస్తూ పక్కనుంచి అందుకున్నాడు. ఇంకాస్త కాఫీ పోయనా అని అడిగితే, చాలని మీ అమ్మగారికి చెప్పు అని శాంతినితో అన్నాడు. రాజామణి ఆ పక్కనే నిలబడి ఉంది. సిగ్గు కాబోలు అనుకుంది.

రెండోసారి వచ్చినప్పుడు కుర్చీ బాల్కనీ వైపు తిప్పుకున్నాడు. అక్కడ ఆరేసిన బట్టలు తప్ప చూడ్డానికేం లేదు. రాజామణికి పట్టుదల పెరిగింది. బెడోక్ హాకర్ సెంటర్లో అందరూ భోజనానికి కలిసినప్పుడు, వెస్లీ ఎదురు కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పడేసి చోప్ చేసుకుంది. టిష్యూ పడితే ఆ సీటు ఇక వాళ్ళదే, ఈ ఊళ్ళో దానికి తిరుగులేదు. ఆమె పళ్ళెం పట్టుకుని వచ్చేసరికి వెస్లీ తన చేపల సూపు గిన్నెతో సహా పక్క టేబుల్లో ఎవరో ముసలి చైనా దంపతుల మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు.

ఇంకోరోజు లిఫ్టులో ఇద్దరే పడ్డారు. తలుపు మూసుకోగానే అతను మూలకు తిరిగి, మేష్టారు శిక్ష వేసిన పిల్లాడిలా నిలబడ్డాడు. నాలుగో అంతస్తులో ఎవరికోసమో తలుపు తెరుచుకుంటే దూకి, మిగతా నాలుగంతస్తులు మెట్లెక్కి వచ్చాడు.

ఇది విని డెల్ఫీన్ పొట్ట పట్టుకుని నవ్వింది. అదీ రాజామణి ఎదురుగా. ఆమె చేసిన తప్పు అదే. నవ్వులో ఎగతాళి లేదు. వాళ్ళ ఊళ్ళో అల్లుడు అత్తగారి మొహం చూడడు, ఆమెతో మాట్లాడడు. అత్త కనిపిస్తే దారి మార్చుకుంటాడు. అంతకంటే పెద్ద గౌరవం వాళ్ళకు లేదు. అత్తలకు భయపడి గుర్రపుశాలల్లో, ట్రక్కుల కింద దాక్కున్న అల్లుళ్ళ కథలు చెప్పుకుని చలికాలమంతా నవ్వుకుంటారు. ఆ కథల్లోకి ఇక్కడ లిఫ్టు కూడా చేరిందే అని ఆమెకు నవ్వొచ్చింది. రాజామణికి మాత్రం ఆ నవ్వు ముల్లులా దిగింది.

శాంతిని తల్లికి చెప్పి చూసింది. అది వాళ్ళ రెస్పెక్ట్ అమ్మా, లీవ్ ఇట్ లా అంది సింగపూరు యాసలో. రాజామణి వినలేదు. గౌరవముంటే మొహం చూసి నమస్కారం పెడతారు, గోడకు పెట్టరు అంది. ఆఖరికి కబురు పంపింది. ఆదివారం తాంబూలాలు. ఆ రోజు పిల్లవాడు తన మొహంలోకి సూటిగా చూసి, అత్తయ్యా బాగున్నారా అని అడగాలి. అడిగితేనే తాంబూలం పళ్ళెం ఎత్తుతుంది. లేకపోతే ఎవరిళ్ళకు వాళ్ళు.

ఆ కబురు వెస్లీయే తెచ్చాడు. బ్లాకు కింద రాతి బల్ల దగ్గర ఇద్దరూ కూర్చున్నారు. ఒక్కసారి చూసేస్తాను ఇనా, అందులో ఏముంది అన్నాడు.  డెల్ఫీన్ జీవితంలో నవ్వులాటకు లొంగని సంగతి ఒక్కటే ఉంది. అది ఇదే. ఆ పిల్లవాడి చూపు కిందికి దించడానికి ఆమె ఎంత పాటు పడిందో అతనికి గుర్తులేదు. వయసు చాలదు. వద్దంటే వాడికి ఇష్టమైన పిల్ల పోతుంది. సరేనంటే తను పోరి తెచ్చుకున్నది పోతుంది. ఆమె బల్ల మీద గీసిన చదరంగం గళ్ళు లెక్కపెడుతూ కూర్చుంది.

ఆదివారం ఉదయం బెడోక్ ఫ్లాటు కిటకిటలాడింది. బూన్ లే నుంచి రాజామణి అక్క యోగేశ్వరి వచ్చింది, చెల్లెలు సుధామణి వచ్చింది. రాజామణి పట్టుచీర కట్టి, చెవులకు ఆ పూసల లోలాకులే పెట్టుకుంది. అది చూసి డెల్ఫీన్‌కు కొంచెం ఊపిరొచ్చింది. రాజామణి నేరుగా వచ్చి వెస్లీ కుర్చీ ముందు నిలబడింది. చేతిలో పళ్ళెం లేదు.

అప్పుడు యోగేశ్వరి సుధామణి చెవిలో అనబోయి అందరికీ వినిపించేలా అంది. ఈవిడ అసలు కన్నతల్లి కాదట, ఆంటీ అట కదా అని. ఇందులో డెల్ఫీన్‌కు ఒక్క ముక్కే అర్థమైంది. ఆంటీ.

ఆమె మొహంలో నవ్వు మాయమైంది. అటు వెస్లీ మోకాళ్ళ మీద చేతులు బిగించి, మెల్లగా తల ఎత్తబోతున్నాడు. గడ్డం లేస్తోంది. డెల్ఫీన్ లేచి వెళ్ళి అతని కళ్ళకు తన అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. నేను చెప్పింది వినండి ముందు. తర్వాత మీ ఇష్టం" అంది ఇంగ్లీషులో. శాంతిని మిగతా అంతా తెలుగులో చెబుతూ వచ్చింది.

వెస్లీని కన్నది డెల్ఫీన్ చెల్లెలు. కిడ్నీలు పాడై, మంచి ఆసుపత్రి చాలా దూరమై, దారిలోనే పోయింది. పిల్లవాడికి అప్పటికి పలక పట్టే వయసు లేదు. లకోటా వాళ్ళలో తల్లి అక్కచెల్లెళ్ళందరూ తల్లులే, వేరే పిలుపు లేదు. కాబట్టి పిల్లవాడు పక్కింటి అమ్మ దగ్గర్నుంచి ఈ ఇంటి అమ్మ దగ్గరికి వచ్చాడు, అంతే. కానీ సర్కారు మనిషి తెల్ల కారులో వచ్చాడు. నువ్వు తల్లివి కాదు, ఆంటీవి మాత్రమే అన్నాడు. ఇంట్లో కుళాయి లేదన్నాడు. ఒక్కటే గది అన్నాడు. గ్యాసు అయిపోయి పొయ్యి ఆరిన రోజు చూసి మరీ వచ్చాడు. పిల్లవాణ్ణి ఎక్కించుకుని పోయి ఎవరో తెల్లవాళ్ళింట్లో పెట్టాడు.

డెల్ఫీన్ పొద్దునా సాయంత్రం బస్సు నడిపేది. మధ్యలో నక్షత్రం గుర్తు దుప్పట్లు కుట్టి అమ్మేది. ఆ డబ్బులతో పెట్రోలు పోసుకుని, హీటరు పనిచెయ్యని ట్రక్కులో కోర్టుకు తిరిగేది. చలికాలమంతా తిరిగింది. ఆఖరి రోజు జడ్జీ కాగితాల్లోంచి తలెత్తకుండా, పిల్లవాడి తల్లి ఎవరో లేచి నిలబడండి అన్నాడు.

"ఐదుగురం లేచాం" అంది డెల్ఫీన్. "నేను, మా అక్కలిద్దరు, మా పెద్దమ్మ కూతుళ్ళిద్దరు. నేను ఒక్కరినే అడిగానే అన్నాడు జడ్జీ. మా పెద్దక్క చెప్పింది, ఇంకా ఉన్నారయ్యా, ట్రక్కులో చోటు చాలక ఇంటిదగ్గర వదిలేసి వచ్చాం అని."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. యోగేశ్వరి నవ్వలేదు.

జడ్జీ మాత్రం నవ్వాడట. మంచు కరిగే వేళకు పిల్లవాణ్ణి ఇచ్చేశాడు. ఇంటికొచ్చిన వెస్లీ నాయనమ్మ వరస ముసలామె మొహంలోకి గుడ్లప్పగించి చూశాడు. ఆమె శాలువా అడ్డం పెట్టుకుంది. లకోటా పిల్లలు పెద్దవాళ్ళ కళ్ళలోకి సూటిగా చూడకూడదు. ఆ తెల్లవాళ్ళింట్లో, పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే కళ్ళలోకి చూడు, లేకపోతే అన్నం లేదు అని నేర్పారు. వాడు ఆకలికి ఓర్చలేక నేర్చుకున్నాడు. మా అమ్మ కాలంలో తెల్లవాళ్ళ స్కూళ్ళలో మా పిల్లల జడలు కత్తిరించారు, వీడి కాలంలో చూపు ఎత్తించారు అంది డెల్ఫీన్.

"ఆ చూపు మళ్ళీ కిందికి దించడానికి నాకు ఏళ్ళు పట్టింది. తిట్టలేదు, కొట్టలేదు. నవ్వించి దించాను. ఇప్పుడు మీ కోసం ఎత్తమంటే ఎత్తుతాడు. ఎత్తించడం నా వల్ల కాదు. మీరు చేయించుకోండి."

ఆమె వెస్లీ కళ్ళ మీదనుంచి చెయ్యి తీసేసింది. వెస్లీ కళ్ళు మూసుకునే ఉన్నాయి.

రాజామణి వెనక్కి తిరిగి అక్క మీద విరుచుకుపడింది.

"నా కూతురు నిన్నేమని పిలుస్తాదక్కా? పెద్దమ్మ అనేగా. పెద్ద ఆంటీ అంటాదా? ఆవిడని ఆంటీ అనడానికి నీకు నోరెలా వచ్చింది?"

యోగేశ్వరి మురుకు కొరికింది. జవాబు చెప్పక్కర్లేకుండా పోవడానికి మురుకు మంచిది. మరి శాంతినికి ఎంతమంది తల్లులని డెల్ఫీన్ అడిగింది. శాంతిని ఇంగ్లీషులో చెప్పేలోపే సుధామణి లేచి నిలబడింది. యోగేశ్వరి కూడా మురుకు పట్టుకునే లేచింది. రాజామణి ఎలాగూ నిలబడే ఉంది. డెల్ఫీన్ ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకరిని చూసింది. ఇంత దూరం వచ్చి, కోర్టులో మేం లేచి నిలబడిన బెంచీనే మళ్ళీ చూశాను అంది.

కానీ రాజామణి గొడవ పూర్తిగా తీరలేదు. ఆమె కూలబడి, అదంతా సరే, ఇక జన్మలో అల్లుడు నాతో మాట్లాడడా, కూర ఎలా ఉందో నేను ఎవరిని అడగాలి, పండక్కి ఏం వండమంటావని ఎవరితో అనాలి అని దిగులుగా అంది.

అంతవరకూ కునుకుతున్నట్టున్న కుమారమ్మ కళ్ళు తెరిచింది.

"మా అమ్మ మీ మావగారి ఎదట ఏనాడన్నా పడిందటే?"

పడలేదని రాజామణి ఒప్పుకుంది. అత్తవారి కథ ఆమె వినే ఉంది, మరిచిపోయింది. కొబ్బరి తోట లైనింట్లో ఒకటే గది. మధ్యలో గోనెపట్టా కట్టి, ఇటు అత్త, అటు అల్లుడు. అల్లుడి ఎదట అత్త రాకూడదు, మాట్లాడకూడదు. మరెలా అంటే పిల్లి ఉండేది. మా అమ్మ పిల్లితో చెప్పేది అంది కుమారమ్మ. ఒసే పిల్లీ, అల్లుడికి ఇంకో గరిటె పులుసు కావాలేమో అడుగు అనేది. మీ మావగారూ పిల్లితోనే చెప్పేవారు, ఉప్పు తక్కువైందని కూడాను. పిల్లి ముసలిదై చచ్చిపోతే ఇద్దరూ కలిసి ఏడ్చారు, పట్టాకి అటూ ఇటూ.

మన ఇంట్లో పిల్లి లేదుగా అత్తయ్యా అంది రాజామణి.

"రైస్ కుక్కర్ ఉందిగా" అంది ముసలామె, మళ్ళీ కళ్ళు మూసుకుంటూ.

రాజామణి వెళ్ళి వంటింటి గట్టు దగ్గర రైస్ కుక్కర్‌కేసి తిరిగి నిలబడింది. చీర కొంగు భుజం చుట్టూ లాక్కుంది. వీపు హాలు వైపు ఉంది. వెస్లీ కళ్ళు తెరిచి, కుర్చీ బాల్కనీ వైపు తిప్పుకున్నాడు. ఇద్దరి మధ్యా హాలంతా జనం నిండి ఉన్నారు.

"ఒసే కుక్కర్, అడుగు ఆ పిల్లాణ్ణి" అంది రాజామణి. "ఆ రోజు లిఫ్టు దిగి నాలుగంతస్తులు మెట్లెక్కావే, మోకాళ్ళు నొప్పెట్టలేదా అని అడుగు."

శాంతిని ఇంగ్లీషులో చెప్పింది. వెస్లీ గోడ మీద తిరుగుతున్న ఫ్యాను వంక చూశాడు. నొప్పెట్టాయని, అయినా హాకర్ సెంటర్లో చల్లారిపోయిన చేపల సూపు కోసం ఎక్కువ బాధపడ్డానని ఫ్యానుతో చెప్పాడు. రాజామణి వీపు కదిలింది. నవ్వుతోందని అందరికీ తెలిసింది. ఆ తర్వాత ఆమెను ఆపడం ఎవరివల్లా కాలేదు. మొహం చూసి అనలేని మాటలన్నీ కుక్కర్‌తో అనేసింది. పెళ్ళికూతురి జడకంటే పెళ్ళికొడుకు జడ పొడుగైతే పూలజడ ఎవరికి వెయ్యాలో కనుక్కోమంది. ఇంత ఎత్తు మనిషికి పెళ్ళిపీట ఎక్కడ దొరుకుతుందో అడగమంది. వెస్లీ ప్రతిదానికీ ఫ్యానుతో జవాబు చెప్పాడు.

డెల్ఫీన్ తలుపుకు ఆనుకుని చూస్తోంది. మా ఊళ్ళో ట్రక్కు కింద దాక్కున్నవాళ్ళకు ఇది తెలిస్తే బాగుండును అనుకుంది.

చివరికి రాజామణి గొంతు మారింది. కుక్కర్ మూత మీద చెయ్యి వేసి, మెల్లగా, ఒక్కో ముక్కా విడగొట్టి అంది.

"చెప్పు ఆ వదినగారికి. పిల్లాడు బాగున్నాడు."

ఇది శాంతిని ఇంగ్లీషులో చెప్పనక్కర్లేదు. డెల్ఫీన్‌కు వచ్చిన తెలుగు అదొక్కటే. లోలాకులు, శాలువా పెట్టి కొనుక్కున్న మాట. రాజామణి నోరు జారి అనలేదు. అంటే ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు. చెవులకు ఆ లోలాకులే ఊగుతున్నాయి.

మెచ్చుకున్నది ఇచ్చేయాలి. ఏనాడూ చెయ్యి వెనక్కి తియ్యని డెల్ఫీన్ ఆ పూట తీసింది. కుర్చీలో ఉన్న వెస్లీ భుజం మీద ఆమె వేళ్ళు బిగుసుకున్నాయి. పిల్లవాణ్ణి తిరిగి చేతికిచ్చిన రోజు కోర్టు గుమ్మం దగ్గర అతని చొక్కా పట్టుకున్నట్టే పట్టుకుంది. ఎవరూ తొందరపెట్టలేదు. కింద కారు పార్కులో ఎవరో హారన్ కొట్టారు, ఆపారు. ఆమె వంగి అతని చెవిలో లకోటాలో ఏదో చెప్పింది. అతను నవ్వాడు. అప్పుడు ఆమె అతని చెయ్యి పట్టుకుని లేపి, కళ్ళు కిందికి వాలి ఉండేలా చూసుకుని, తీసుకెళ్ళి రాజామణి వెనక ఒక అడుగు దూరంలో నిలబెట్టింది.

రాజామణి గట్టు మీదున్న తాంబూలం పళ్ళెం ఎత్తి, తిరగకుండానే వెనక్కి చాచి, అందుకోమని కుక్కర్‌తో చెప్పింది.

వెస్లీ పళ్ళెం అందుకున్నాడు. అందరూ అయిపోయిందనుకున్నారు. సుధామణి లడ్డూల డబ్బా మూత కూడా తీసింది. అప్పుడు డెల్ఫీన్ ఖాళీ అయిన తన చేతుల వంక ఒకసారి చూసుకుని, మెల్లగా నడిచి శాంతిని ముందు నిలబడింది. పిల్లను కాళ్ళ నుంచి తల దాకా, సంతలో గుర్రాన్ని చూసినట్టు, తాపీగా చూసింది. తర్వాత రాజామణి వీపు వైపు తిరిగి, తనకు వచ్చిన ఒక్క తెలుగు ముక్కా గట్టిగా అంది.

"బాగుంది."

రాజామణి కుక్కర్ దగ్గర బిగుసుకుపోయింది. గోవిందు లడ్డూ తుంచుకుంటూ, తల ఎత్తకుండా అన్నాడు.

"నోరు కుట్టుకోమని ఆ రోజే చెప్పాను."